ఏటవాలు మీద ఢలాయి

మా ఇల్లు మద్దేడ్‌లో హైవే పక్కన ఒక మిట్ట మీద ఉంది. రోడ్డు మీద నిలబడితే మా గడప కనిపిస్తుంది. ఆ రోడ్డుకీ గడపకీ మధ్య పాతిక అంగల ఏటవాలు. ఎర్రమట్టి, దాని మీద మొరం గులకలు. ఎండాకాలంలో ఆ గులకలు చెప్పుల కింద శనగల్లా దొర్లుతాయి. వానాకాలంలో దారి మధ్యన మోకాలి లోతు గండి పడుతుంది. స్థలం కొన్నప్పుడు మా ఆయన, "మిట్ట మీద ఇల్లు, వరద భయం ఉండదు" అన్నాడు. నిజమే, ఎనిమిదేళ్ళలో వరద రాలేదు. గ్యాసు బండీ రాలేదు. సిలిండరు కింద రోడ్డు పక్కన దించి, రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయేవాళ్ళు. దాన్ని పైకి చేర్చే పని నాది. మా ఆయన చింతలనార్ వైపు ఆశ్రమ పాఠశాలలో పంతులు, ఇంట్లో ఉండేది నెలకు రెండు మూడు రోజులే.

నేను నర్సుని. ఉప ఆరోగ్య కేంద్రం నుంచి చుట్టుపక్కల ఆరు పల్లెలకు స్కూటీ మీద తిరుగుతాను. రోజంతా ఎంత చెడ్డ దారిలోనైనా బండి నడుపుతాను గానీ, సాయంత్రం మా సొంత దారి దగ్గరికి వచ్చేసరికి దిగి నెట్టుకుంటూ వెళ్ళాల్సి వచ్చేది. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక టీకాల ఉదయం, మందుల పెట్టె భుజాన వేసుకుని దిగుతుంటే ముందు చక్రం గులకల మీద పక్కకు జారింది. బండి ఒకవైపు, నేను ఒకవైపు. పెట్టెను మాత్రం పొట్టకు హత్తుకుని ఉన్నాను. మోచేయి చెక్కుకుపోయింది, అద్దం పగిలింది.

దిగువన మా పొరుగావిడ తన వాకిట్లో తట్ట అల్లుకుంటూ ఇదంతా చూసింది. ఆమె దోర్లా తెగ ఆవిడ, నాకంటే పదేళ్ళు పెద్ద. మగడు పోయాక రెండు మేకలతో ఒంటరిగా ఉంటోంది. కాస్త పొలం, మిగతాది అడవి: ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు. ఆమె మాట సగం దోర్లీ, సగం తెలుగు. నేను అక్కా అని పిలుస్తాను.

"నర్సమ్మా, లేస్తవా, లేపాల్నా?" అంది, కూర్చున్న చోటు నుంచే.

"లేస్త అక్కా."

"ఈ తొవ్వ నిన్ను ఒకనాడు మింగుతది" అని మళ్ళీ తట్ట మీదకు వంగింది.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఆ రాత్రి మా ఆయనకు ఫోన్ చేసి, దారికి కాంక్రీటు వేయిస్తున్నానని చెప్పాను. వాళ్ళ స్కూల్లో నీళ్ళ ట్యాంకు మెట్లెక్కితేనే సిగ్నల్ అందుతుంది. "మంచిదే, కానీ నేనొచ్చినంక..." అన్నంత వరకే వినిపించింది. మిగతాది వినిపించకపోవడం నాకు కలిసివచ్చింది. ఆయన వచ్చినంక అనే మాటకు మా ఇంట్లో ఎనిమిదేళ్ళ చరిత్ర ఉంది.

మేస్త్రీని వెతకడం కష్టం కాలేదు. మా వైపు కాంక్రీటు పోయడాన్ని అందరం హిందీలో లాగే ఢలాయి అంటాం, ఢలాయి అంటే అందరూ చెప్పేది ఒక్కడి పేరే. యాభై దాటిన మనిషి, గోదావరి అవతలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మాట చాలా మెత్తన. ఒక సాయంత్రం వచ్చి ఏటవాలును కింద నుంచి పైకి, పై నుంచి కిందికి నడిచి చూశాడు.

"ఫికర్ చెయ్యకుర్రి సిస్టరమ్మా. నేను ఎన్ని ఢలాయిలు చెయ్యలే. స్కూలు కప్పు చేసిన, పంచాయతీ గల్లీలు చేసిన."

"ఏటవాలు మీద చేసినవా మేస్త్రీ?"

"ఢలాయి ఏడైనా ఢలాయే."

అప్పుడే పొరుగావిడ మేకల్ని తోలుకుంటూ అటు వచ్చింది. ఆగి, దారినీ తన వాకిలినీ మార్చి మార్చి చూసింది. "మరి నీళ్ళు ఎటు పోతయి?" అని అడిగింది.

మేస్త్రీ నవ్వాడు. "కిందికే పోతయి అక్కా. నీళ్ళు పైకి పోంగ చూసినవా నువ్వు?"

నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు తర్వాత చాలా రోజులు గుర్తొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. మేకల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయింది.

పని దసరా దాటాక మొదలుపెడతానన్నాడు మేస్త్రీ. దసరా దాటింది. దీపావళి అన్నాడు. ఆ తర్వాత కూలీలంతా వరి కోతల్లో ఉన్నారన్నాడు. కోతలయ్యాక వాళ్ళ బంధువుల పెళ్ళి అన్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తేవాడు, అదే పెద్ద చిక్కు. ఎత్తని మనిషిని తిట్టుకుని వేరే మనిషిని చూసుకోవచ్చు. ఇతను ఎత్తి, "రేపు పొద్దుగాల మీ ఇంటి ముంగట ఉంట" అని అంత ప్రేమగా చెప్తే ఏం చేస్తాం. నేను డ్యూటీకి గంట ఆలస్యంగా బయలుదేరుతూ ఎన్ని పొద్దుగాలలు గడపలో నిలబడ్డానో లెక్క లేదు.

మేస్త్రీ రాలేదు గానీ ఇసుక, కంకర వచ్చాయి. ట్రాక్టరువాడు పైకి ఎక్కించలేనని రెండూ రోడ్డు వారనే పోసి వెళ్ళాడు. మూడు నెలలు ఆ కుప్పలు అక్కడే ఉన్నాయి. ఇసుకలో కోళ్ళు పొర్లాడాయి, ఊరి పిల్లులన్నీ దాన్ని తమ అవసరానికి వాడుకున్నాయి. కంకర కొంచెం కొంచెంగా రోడ్డు మీదకు జారేది. పంచాయతీ నుంచి మనిషి వచ్చి, "మేడం, యే హటానా పడేగా" అన్నాడు. తీసెయ్యమంటే హటాయించాను. ప్రతి ఆదివారం తట్టా పారా పట్టుకుని రోడ్డు మీది కంకరను మళ్ళీ కుప్పకు ఎత్తిపోశాను. వచ్చేపోయే బస్సుల్లోంచి నా దగ్గర మందులు తీసుకున్నవాళ్ళు నమస్తే పెట్టేవాళ్ళు.

ఆ ఖాళీలో ఒక మంచి పని జరిగింది. హైవే మీద కల్వర్టు కడుతున్న చోట సూపర్‌వైజర్ ఒకాయన బీపీ చూపించుకోవడానికి మా కేంద్రానికి వచ్చాడు. పట్టీ చేతికి చుట్టి ఆయన్ని ప్రశ్నలతో వేపుకు తిన్నాను. ఓపిగ్గా చెప్పాడు. ఏటవాలు మీద కాంక్రీటు ఎప్పుడూ కింద నుంచి పైకి పోసుకుంటూ రావాలట. కలిపిన కాంక్రీటు మాలు పలచగా ఉండకూడదు, పిడికిట్లో పట్టి వదిలితే ముద్దలా నిలవాలట. కింది అంచున మూరెడు లోతు కాలువ తవ్వి అక్కడ మందంగా పోస్తే, పైనున్న పలకంతా దాని మీద ఆనుకుని జారకుండా ఉంటుందట. ఆఖరున నున్నగా రుద్దకుండా, గట్టి చీపురుతో అడ్డంగా గీతలు లాగాలట. మందుల చీటీ వెనకాల బొమ్మ కూడా గీసిచ్చాడు. ఆ చీటీని మేస్త్రీకి చూపించాను. శ్రద్ధగా చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అంతే గద సిస్టరమ్మా, చేద్దాం" అన్నాడు. ఆ చీటీ మళ్ళీ కనబడలేదు.

చివరికి ఇప్పపువ్వు రాలే రోజుల్లో పని మొదలైంది. గులకలు చెక్కి, మొరం పరిచి, దిమ్మిసతో మూడు రోజులు కొట్టారు. పక్కల చెక్కలు బిగించారు, ఇనుప సలాకలు కట్టారు. కింది అంచు కాలువ తవ్వించాను, అది మాత్రం నా కళ్ళ ముందే జరిగింది. పోసే రోజు కోసం సెలవు పెట్టాను. పొద్దున్నే మాలు కలిపే మిల్లర్ మిషను వచ్చింది, ఆరుగురు కూలీలు వచ్చారు. మిల్లర్‌ను ఎక్కడ పెట్టాలో నేనే చూపించాను, కింద. మేస్త్రీ తలూపాడు. మొదటి మాలు తిరుగుతుండగా నా ఫోన్ మోగింది. అవతలి పల్లె మితానిన్. ఊళ్ళో బాలింతలనూ పిల్లలనూ కనిపెట్టుకుని ఉండే మనిషి, ఊరికే ఫోన్ చెయ్యదు. "దీదీ, నొప్పులు మొదలైనయి, బండి ఇంకా రాలే, జల్ది రా" అంది.

వెళ్ళక తప్పదు. మేస్త్రీని పక్కకు పిలిచి మళ్ళీ చెప్పాను. "కింద నుంచి పైకి. మాలు గట్టిగ. మీద గీతలు."

"మీరు పోయి రార్రి. వచ్చేవరకు మీరే మెచ్చుకుంటరు."

కాన్పు తేలిగ్గానే అయింది. ఆడపిల్ల, గొంతు బాగుంది. తల్లినీ బిడ్డనూ ఆస్పత్రి బండెక్కించి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కింద రోడ్డు మీద స్కూటీ ఆపి తలెత్తి చూశాను.

మిల్లర్ పైన ఉంది, మా గడప ముందు. దాన్ని అంత ఎత్తుకు ఎట్లా చేర్చారో ఈనాటికీ నాకు తెలియదు. పై నుంచి మాలును వదులుతుంటే అది రాగి అంబలిలా దానంతట అదే కిందికి నడిచి వస్తోంది. దిగువన ఒకవైపు చెక్క ఆ బరువుకు బొజ్జలా ముందుకు ఉబ్బింది. పై సగం అప్పటికే అయిపోయింది. మేస్త్రీ మోకాళ్ళ కింద గోనె వేసుకుని, పొడి సిమెంటు చల్లుతూ తాపీతో రుద్దుతున్నాడు. ఆ రుద్దడం చూస్తే నిజంగా ముచ్చటే. అక్కడ అద్దం పరిచినట్టు ఉంది.

"మేస్త్రీ, ఏంది ఇది?"

"మంచిగ కుదిరింది సిస్టరమ్మా. పైనుంచి పోస్తే మాలు తనంతల తానే సర్దుకుంటది, కూలీలకు కష్టం తప్పింది. చూడుర్రి, మొఖం కనబడతది."

"నాకు మొఖం చూసుకునే పని లేదు. బండి ఎక్కాలె. గీతలు ఎటు పోయినయి?"

అతని చేయి ఆగింది. "గీతలా" అన్నాడు, ఏదో కాని మాట విన్నట్టు. "సిస్టరమ్మా, నా చేతి నునుపు చూసి బీజాపూర్ దాకా పిలుస్తరు. చీపురుతోని గీకితే, రేపు చూసినోళ్ళు ఈ పని ఎవడు చేసిండని అడుగుతరు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

నేను పై భాగం మీద వేలితో నొక్కి చూశాను. గీత పడనంత బిగిసింది. కింది భాగమైనా గీయమన్నాను. మొహం ముడుచుకుని, రెండు చోట్ల చీపురు ఆనించాడు. మాలు అంత పలచన కాబట్టి గీత పడగానే పూడుకుపోయింది. "చూసిండ్రు గద, పడ్తలేవు" అన్నాడు. ఎవరి తప్పు వల్ల పడటం లేదో అడగడానికి నాకు ఓపిక లేకపోయింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, చీర మీద కాన్పు మరకలు ఉన్నాయి. లోపలికి వెళ్ళి స్నానం చేసి పడుకున్నాను. అక్కడ నేను గట్టిగా నిలబడి ఉండాల్సింది, పని ఆపించాల్సింది. ఇప్పుడు రాయడం తేలిక.

తర్వాతి వారం నీళ్ళు పట్టే వారం. కప్పు మీదైతే మట్టితో కట్టలు కట్టి నీళ్ళు నిలబెడతారు. ఏటవాలు మీద నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి? మేస్త్రీ కూడా కట్టలే కట్టి వెళ్ళాడు, ఒక్క బిందెకు అవి కొట్టుకుపోయాయి. ఊళ్ళో తిరిగి గోనె సంచులు అడుక్కొచ్చి పరిచాను. పొద్దున డ్యూటీకి ముందు, మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు, సాయంత్రం రెండుసార్లు, బోరింగు నుంచి బిందెలతో మోసి తడిపాను. సంచుల చల్లదనం నచ్చి ఊరి కుక్కలు వాటి మీద పడుకునేవి. పోసిన సాయంత్రమే, సంచులు పరవక ముందే, ఒక దూడ పై నుంచి కింది దాకా నడిచి వెళ్ళింది, దాని గిట్టల గుర్తులు మాత్రం చక్కగా పడ్డాయి. మొత్తం దారి మీద జారకుండా అడుగు ఆనే చోట్లు అవే. మా ఆయన ట్యాంకు మెట్ల మీద నుంచి రోజూ అడిగేవాడు, "నీళ్ళు పడుతున్నవా?" అని. ఒక రోజు, "లేదు, పాలు పోస్తున్న" అన్నాను. సిగ్నల్ బాగానే ఉన్నట్టుంది, ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ రాలేదు.

సంచులు తీసేశాక, పదో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. ముందు గాలి, తర్వాత వడగళ్ళు, వెంటనే వాన. ఆ కాలంలో ఒక్కోసారి అట్లా కురుస్తుంది, అరగంటలో తగ్గుతుంది. నేను అన్నం తింటూ కిటికీలోంచి నా కొత్త దారిని చూశాను. ఇంతకు ముందు మా మిట్ట మీది వాన సగం ఆ ఎర్రమట్టిలోనే ఇంకేది. మిగతాది మెలికలు తిరిగి గండిలో పడి నెమ్మదిగా దిగేది. ఇప్పుడు కప్పు మీది నీళ్ళు, వాకిట్లో నీళ్ళు, అన్నీ ఆ నున్నటి పలక మీద ఒక్కటై, అడ్డూ ఆపూ లేకుండా ఉరికాయి. కింద, పలక ఒకవైపు ఉబ్బిన చోట, నీళ్ళన్నీ కుడికి తిరిగి పొరుగావిడ వాకిట్లోకి దూకాయి.

ఆ వాకిట్లో ఇప్పపువ్వు ఎండుతోంది. పదిహేను రోజులు తెల్లవారుజామున లేచి ఏరుకొచ్చిన పువ్వు. పేడతో అలికిన నేల మీద పలచగా పరిచి ఉంది. ఆమె ఒక మూల నుంచి తట్టలోకి తోస్తుంటే మరో మూల నుంచి కొట్టుకుపోతోంది.

కంచం వదిలి పరుగెత్తాను. గడప దాటి రెండో అడుగు వేయగానే కాళ్ళు పైకి లేచాయి. కూర్చున్న పళంగా జారడం మొదలుపెట్టాను. పట్టుకోవడానికి ఏమీ లేదు, మేస్త్రీ ఎక్కడా చిన్న గరుకు కూడా మిగల్చలేదు. పై నుంచి కింద దాకా జారి, నీళ్ళతో పాటు కుడికి తిరిగి, ఆమె వాకిట్లో ఆగాను. చేతికి ఎంగిలి మెతుకులు ఇంకా ఉన్నాయి.

ఆమె నన్ను ఒక్కసారి చూసింది. రెండో తట్ట నా వైపు తోసింది. వాన తగ్గే దాకా ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని దొరికినంత పువ్వు ఎత్తాం. సగానికి పైగా పోయింది. మిగిలింది కూడా మట్టి, సిమెంటు కలిసి బూడిద రంగు తిరిగింది. ఆమె గుప్పెడు తీసుకుని వాసన చూసి పక్కన పారేసింది.

"నేను ఆ రోజే అడిగిన గద నర్సమ్మా" అంది. అంతే. గొంతు పెంచలేదు. ఆమె తిట్టి ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పుకునేదాన్ని. తడి చీరతో అక్కడే నిలబడి, "అడిగినవ్ అక్కా, నేను వినలే" అన్నాను. పొద్దున్నే ఇంకొకరి ఇంట్లో పిల్లల బరువు తూచి, తల్లికి ఏం తినాలో చెప్పి వచ్చిన మనిషిని. నా వాకిటి నీళ్ళు పక్కింటావిడ ఏడాది ఆధారాన్ని కడిగేస్తాయని నాకు తట్టలేదు.

మర్నాడు మేస్త్రీకి ఫోన్ చేస్తే, "వాన నా చేతుల ఉన్నదా సిస్టరమ్మా" అన్నాడు. ఈసారి రేపు అనే మాటను నేను ఒప్పుకోలేదు. అతను పని చేస్తున్న చోటికి స్కూటీ మీద వెళ్ళి, వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాను. ఇంటికొచ్చాక అతను దారి అంతా చేత్తో తడిమి, పలక బాగుందనీ ఒక్క పగులు కూడా లేదనీ అన్నాడు. పగిలిందని ఎవరన్నారు అన్నాను నేను. వేరే ఇంకేం కావాలన్నాడు అతను. మా గొంతులు లేస్తున్నాయి.

పొరుగావిడ నెత్తి మీద నిండు బిందెతో కింద నుంచి ఎక్కి వచ్చింది. దారి మీద కాదు, పక్కన మట్టి మీద అడుగులు వేసుకుంటూ. గడప దగ్గర బిందె దించి, మేస్త్రీని చూసి, "పక్కకు జరుగు తమ్మీ" అంది. బిందె మెల్లగా వంచింది.

ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. నీళ్ళు తిన్నగా దిగాయి. మూడొంతుల్లో రెండొంతులు దాటాక నెమ్మదిగా కుడికి మళ్ళాయి. ఒక పాయ అయి, ఉబ్బిన అంచు పట్టుకుని ఆమె వాకిలి వైపు దూకాయి. ఆమె ఆ చోటికి నడిచి వెళ్ళి మడమతో చూపించింది.

"ఇగో, ఈడ తిరిగింది. మాలు పలచన పోసినవ్, ఇటు కుంగింది. రోడ్డు పనిల నేను నాలుగేండ్లు తట్టలు మోసిన, నాకు ఎరుకే." తర్వాత ఎడమ వైపు చేయి చాపింది. అటు, దారికి అవతల ఉన్న ఆమె దొడ్లో చిక్కుడు పాదు, నాలుగు పసుపు మడులు ఉన్నాయి. "నీళ్ళు అటు పంపుర్రి. అటు నాకు కావాలె. ఇటు వద్దు."

మేస్త్రీ వంగి ఆ తడి గీత వెంట వేలు రాశాడు. అరవడానికి సిద్ధంగా ఉన్న నాకు ఆ అవసరం రాలేదు. "తిరిగింది" అన్నాడు, తనతో తాను చెప్పుకుంటున్నట్టు. ఇంత పని చేసే మనిషికి ఒక బిందె నీళ్ళు చాలు, ఎక్కడ తప్పాడో తెలిసిపోతుంది. ఆ బిందె ముందే ఎవరైనా వంచి ఉంటే బాగుండేది. నేనూ వంచలేదు కదా.

రెండో రోజు అతను నిజంగానే పొద్దుగాల వచ్చాడు. కింది మూడో వంతును సమ్మెటలతో పగలగొట్టారు. సలాకలు కోసి మళ్ళీ కట్టారు. ఈసారి మిల్లర్ కింద ఉంది. మాలు పిడికిట్లో నిలిచేటంత గట్టిగా కలిపారు, కింది అంచు నుంచి పైకి పోసుకుంటూ వచ్చారు. పాతదీ కొత్తదీ కలిసే చోట అడ్డంగా జానెడు వెడల్పు కాలువ వదిలి, దాన్ని ఎడమకు వాలుగా దిద్దారు. తాపీతో ఒక్కసారి చదును చేసి మేస్త్రీ చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఎంత కష్టంగా తీసుకున్నాడో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

పొరుగావిడ ఇంట్లోంచి ఈత చీపురు తెచ్చింది. "నేను గీస్త" అంది. పక్క చెక్క మీద కాళ్ళు పెట్టి, ఒక వైపు నుంచి మరో వైపుకు ఒకే లాగుడుగా గీసుకుంటూ పైకి వచ్చింది. వాకిలి అలికి ముగ్గేసిన చేయి, గీత ఎక్కడా వణకలేదు.

పై భాగం మిగిలింది. అది రాయిలా గట్టిపడింది కాబట్టి చీపురుకు లొంగదు. మేస్త్రీ ఒక్కడే ఉలీ సుత్తీ పట్టుకుని, జానెడుకు ఒకటి చొప్పున అడ్డంగా గాట్లు చెక్కాడు. నాలుగు రోజులు పట్టింది. తాను అద్దంలా రుద్దిన దాన్ని తానే చెక్కుకుంటున్నాడు, టకటకమని ఆ చప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. మొదటి రోజు నాకు లోపల కొంచెం తృప్తిగానే ఉంది. మూడో రోజుకు ఆ తృప్తి పోయింది. మజ్జిగ ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి గడప మీద పెట్టాడు. దూడ గిట్టల గుర్తుల దగ్గరికి వచ్చినప్పుడు, "వీటిని ఉంచాల్నా?" అని అడిగాడు. ఉంచమన్నాను.

పోయిన ఇప్పపువ్వుకు ఏం చేయాలో నాకు తోచలేదు. ఏమైనా ఇస్తానంటే పొరుగావిడ వినిపించుకోలేదు. "పొద్దున నాతోని అడవికి రా, ఇంక రెండు చెట్లు రాలుతున్నయి" అంది. మూడు రోజులు తెల్లవారక ముందే వెళ్ళాను. నేను వంగి గుప్పెడు ఏరేలోపు ఆమె తట్ట అడుగు నింపేది. నాకు నడుం పట్టేసింది, చీమలు కుట్టాయి, చివరికి నా వాటా అరతట్ట కూడా కాలేదు. అందులో కూడా సగం ఆకులే ఉన్నాయని ఆమె విడిగా ఏరి పారేసింది. నీ చేతికి సూదే నయం అంది. ఆ ఏడు ఆమె ఇప్పపువ్వు తక్కువే అమ్ముకుంది. అది నేను సరిచేయలేకపోయాను.

వానలు మొదలయ్యాయి. నీళ్ళు దారి మీద గీతల్లో ఆగి ఆగి దిగి, అడ్డ కాలువలో పడి, ఎడమకు తిరిగి పసుపు మడుల్లోకి వెళ్ళాయి. మొదటి రోజు ఇద్దరం గొడుగుల కింద నిలబడి చూశాం. కాలువలో ఆకులు అడ్డుపడితే తీయాల్సిన పని నాది అని ఆమె తేల్చి చెప్పింది, ఇప్పటికీ తీస్తున్నాను. స్కూటీ గడప దాకా ఎక్కుతుంది. మా ఆయన వచ్చి దారి మీద పైకీ కిందికీ నాలుగుసార్లు నడిచి, ఇంత చిన్న పనికి ఏడు నెలలు ఎందుకు పట్టిందని అడిగాడు. నేను కూర తరిగే పనిలో పడ్డాను.

మొన్నామధ్య ఒక ఉదయం డ్యూటీకి తయారవుతుంటే బయట మాటలు వినిపించాయి. మేస్త్రీ ఎవరినో తీసుకొచ్చాడు. రోడ్డు అవతల మిట్ట మీద కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న భార్యాభర్తలు. మేస్త్రీ నా దారి మధ్యలో నిలబడి, చెప్పుతో గీతల మీద గట్టిగా రుద్ది చూపిస్తున్నాడు.

"ఏటవాలు మీద నునుపు పనికిరాదు సార్. గీతలు ఉండాలె. సిస్టరమ్మకు నేను ముందుగాలనే చెప్పిన. మాలు కూడ కింద నుంచే పొయ్యాలె, గట్టిగ పొయ్యాలె. నీళ్ళు ఎటు పోతయో ముందే చూస్కోవాలె. అది తెల్వనోనికి ఈ పని రాదు."

గడపలో నన్ను చూసి నమస్తే పెట్టాడు, మొహంలో ఏ తేడా లేకుండా. "అంతే గద సిస్టరమ్మా" అన్నాడు. దిగువ వాకిట్లో పొరుగావిడ చేస్తున్న పని ఆపి, నేనేమంటానో అని తలెత్తి చూసింది.

"ముందు ఒక బిందె నీళ్ళు పోసి చూపియ్యమనుర్రి" అన్నాను ఆ భార్యాభర్తలతో. బండి తీసి, వాళ్ళ పక్క నుంచి దిగి, డ్యూటీకి వెళ్ళిపోయాను.